ఆర్మ్‌బ్యాండ్ కట్టుకున్నవాడే ముందు జవాబు చెప్పాలి

విశాఖపట్నం కళాశాలల ఫుట్‌బాల్ జట్ల నుంచి, ఆ ఆటగాళ్ల ఇళ్ల నుంచి ఈసారి వచ్చిన ఉత్తరాలలో చాలావరకు ఒకే విషయం అడుగుతున్నాయి: జట్టు తన స్థాయికి తగినట్టు ఆడనప్పుడు ఎవరు నోరు విప్పాలి, విప్పి ఏమని చెప్పాలి? వాటిలో ఐదింటికి ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. రాసినవారి పేర్లు గాని, కళాశాలల పేర్లు గాని ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను డిగ్రీ చివరి సంవత్సరం చదువుతున్నాను, మా కళాశాల జట్టుకు కెప్టెన్‌ని. అంతర్ కళాశాలల పోటీల మొదటి మ్యాచ్‌లో, నిరుడు మేము సులువుగా గెలిచిన జట్టు చేతిలోనే 0–3తో ఓడిపోయాము. ఓటమి కంటే ఆడిన తీరు ఎక్కువ బాధపెట్టింది. రెండో గోల్ పడ్డాక సగం మంది మైదానంలో నడుస్తూ కనిపించారు. పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు అందరినీ తిట్టారు, సీనియర్లు జూనియర్లను అంటున్నారు, అందరూ కలిసి గోల్‌కీపర్‌ను అంటున్నారు. లీగ్‌లో ఇంకా రెండు మ్యాచ్‌లు ఉన్నాయి. గట్టిగా మాట్లాడితే స్నేహాలు చెడతాయేమోనని భయం, ఊరుకుంటే జట్టు చెడుతుంది. ఏం చేయమంటారు? – మద్దిలపాలెం

జవాబు: మాట్లాడి తీరాలి. అయితే మీరు మొదట మాట్లాడవలసింది మీ ఆట గురించే. ఫుట్‌బాల్ నియమావళి కెప్టెన్‌కు ప్రత్యేక హోదా గాని, హక్కులు గాని ఇవ్వలేదు. జట్టు ప్రవర్తనకు కొంత బాధ్యతను మాత్రం అతని మీద పెట్టింది. 2024–25 నుంచి కెప్టెన్ ఆర్మ్‌బ్యాండ్ కట్టుకోవడాన్ని కూడా తప్పనిసరి చేసింది. అంటే మీ చేతికి ఉన్న ఆ పట్టీ వల్ల మీకు దక్కిన అధికారమేమీ లేదు, అందరికంటే ముందు జవాబు చెప్పవలసిన పని మాత్రం దక్కింది. ఈ వరుస తప్పడం వల్లే మన కళాశాల జట్లలో ఓటమి తర్వాత జరిగే సమావేశాలు చాలావరకు కొట్లాటలుగా ముగుస్తున్నాయని నా అభిప్రాయం.

ఓడిన సాయంత్రమే కూర్చోకండి. ఆ వేళ ఎవరు ఏమన్నా కోపంగానే వినిపిస్తుంది. మరునాడు పీడీ గారికి ముందుగా చెప్పి, ఆయన అనుమతితో, ఆయన లేకుండా, మైదానంలోనే ఒక పక్క అందరూ గుండ్రంగా కూర్చోండి. వాట్సాప్ గ్రూపులో మాత్రం ఈ మాటలు వద్దు, ఎందుకంటే అక్కడ రాసిన ఒక్క వాక్యాన్ని నలుగురు నాలుగు రకాలుగా చదువుకుంటారు, పైగా అది చెరిగిపోదు.

కూర్చున్నాక "మనలో కసి లేదు", "ఎవరికీ పట్టింపు లేదు" వంటి మాటలతో మొదలుపెట్టవద్దు. అవి నిజమే కావచ్చు, కానీ విన్నవాడు రేపు ఉదయం మైదానానికి వచ్చి ఏమి చేయాలో వాటిలో లేదు. దానికి బదులు, "రెండో సగంలో నా కాలి దగ్గర బంతి పోయిన ప్రతిసారీ నేను నిలబడి చూశాను, వెనక్కి పరుగెత్తలేదు; రెండో గోల్ తర్వాత ఒక్కరితోనూ మాట్లాడలేదు" అని మీరు చెప్పండి. ఇందులో ఎప్పుడు, ఎక్కడ, ఏమి చేయలేదు అన్నది స్పష్టంగా ఉంది కాబట్టి మీ పక్కనున్నవాడు కూడా అదే కొలతతో తన ఆటను చూసుకోగలడు. ఆ తర్వాత ఒక్కొక్కరూ తాము చేయని ఒక్క పని చెప్పాలి. మొదటి చుట్టు పూర్తయ్యే వరకు పక్కవాడి తప్పు ఎత్తకూడదన్న నియమం పెట్టండి, దాన్ని సీనియర్ల విషయంలో కూడా సడలించవద్దు.

రెండో చుట్టులో మూడు గోల్స్‌ను ఒక్కొక్కటిగా వెనక్కి చదవండి. మాట వరసకు, మీ ఎడమ వైపు నుంచి గోల్ ముందుకు వచ్చిన క్రాస్‌ను ప్రత్యర్థి స్ట్రైకర్ తలతో కొట్టాడనుకుందాం. గోల్‌కీపర్ చేతికి బంతి అందలేదన్నది అందరికీ గుర్తుంటుంది. స్ట్రైకర్‌ను పట్టుకోవలసిన సెంటర్ బ్యాక్ ఎక్కడున్నాడు? అతడు ఎడమ వైపు సాయానికి జరిగాడు. ఎందుకు జరిగాడు? మీ లెఫ్ట్ బ్యాక్ ఎదుట ఒకేసారి ఇద్దరు వచ్చారు. ఇద్దరు ఎలా వచ్చారు? మీ లెఫ్ట్ వింగర్ వెనక్కి రాలేదు. బంతి అసలు ఎక్కడ పోయింది? మధ్య గీత దగ్గర, ఇచ్చి పరుగెత్తవలసిన చోట ఎవరో ముగ్గురిని దాటించబోయి పోగొట్టుకున్నారు. ఇలా చదివితే గోల్‌కీపర్ తప్పు ఉంటే ఉండవచ్చు గాని, అది వరుసలో చివరిదని తెలుస్తుంది. ఆ వరుస మొదట్లో ఉన్నది మీరే అయితే, ఆ మాట కూడా మీ నోటి నుంచే రావాలి.

నడిచినవాళ్ల గురించి ఒక జాగ్రత్త చెప్పాలి. నడిచిన ప్రతివాడూ నిర్లక్ష్యంగా ఉన్నాడని అనుకోకండి. మన సముద్ర తీరపు ఉక్కపోతలో ఒళ్లు చెమటతో తడిసి ఆరదు, 60వ నిమిషానికి కాళ్లు పట్టేస్తాయి. హాస్టల్లో ఉదయపు టిఫిన్ అందక ముందే మైదానానికి వచ్చిన కుర్రవాడు, రెండు బస్సులు మారి వచ్చిన కుర్రవాడు మీ జట్టులో ఉండే ఉంటారు. శక్తి లేక ఆగినవాడికీ, మనసు లేక ఆగినవాడికీ ఇచ్చే జవాబు ఒకటి కాదు. మొదటివాడికి నీళ్లు, అరటిపండు, సరైన సమయంలో సబ్‌స్టిట్యూషన్ కావాలి. రెండోవాడితో విడిగా మాట్లాడాలి. ఎవరు ఏ కోవలో ఉన్నారో అడగకుండానే తీర్పు చెబితే, శక్తి లేక ఆగిన కుర్రవాడిని జట్టు శాశ్వతంగా పోగొట్టుకుంటుంది.

మొదటి మ్యాచ్‌లో తేలిపోయిన జట్టు కోలుకోవడం సాధ్యమేనా అని మీ ఉత్తరం అడగకపోయినా, ఆ సందేహం అందులో కనిపిస్తోంది. 1962లో జకార్తా ఆసియా క్రీడలలో భారత ఫుట్‌బాల్ జట్టు తన మొదటి మ్యాచ్‌లో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడింది. ఆ జట్టు కోచ్ హైదరాబాద్‌కు చెందిన సయ్యద్ అబ్దుల్ రహీం, కెప్టెన్ చునీ గోస్వామి. తర్వాత థాయ్‌లాండ్‌ను 4–1తో, జపాన్‌ను 2–0తో, సెమీఫైనల్‌లో దక్షిణ వియత్నాంను 3–2తో ఓడించి, ఫైనల్‌లో మళ్లీ అదే కొరియాను 2–1తో ఓడించి స్వర్ణం గెలిచింది. ఆ విజయంలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా కనిపించేది జర్నైల్ సింగ్ విషయం. ఆయన డిఫెన్స్‌కు మూలస్తంభం. థాయ్‌లాండ్ మ్యాచ్‌లో తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం ఆయనను ఫార్వర్డ్‌గా ఆడించారు. తన స్థానం ఇది కాదని ఆయన పేచీ పెట్టలేదు, సెమీఫైనల్‌లోనూ ఫైనల్‌లోనూ గోల్ కొట్టారు. పేరున్న ఆటగాడు ఆ రోజు జట్టుకు ఏ పని అవసరమైతే ఆ పనికి ఒప్పుకున్నప్పుడు, మిగతావారికి ఉపన్యాసం అవసరం ఉండదు.

మీ సమావేశం చివర రెండు మ్యాచ్‌లకు సరిపడే మూడు నియమాలు మాత్రం పెట్టుకోండి. బంతి పోయిన చోట ఉన్నవాడు వెంటనే వెనక్కి పరుగెత్తాలి. గోల్ పడితే కెప్టెన్ మొదట గోల్‌కీపర్ దగ్గరకు వెళ్లాలి. ప్రాక్టీసుకు చెప్పిన సమయానికి రానివాడు, ఎవరైనా సరే, మొదటి పదకొండు మందిలో ఉండడు. మూడోదాన్ని అమలు చేసే అధికారం మీకు లేదు కాబట్టి పీడీ గారి చేత ముందుగానే ఒప్పించుకోండి. స్నేహాల గురించి మీ భయం నాకు అర్థమవుతుంది. కానీ తన తప్పు ముందు చెప్పుకొని తర్వాత ఎదుటివాడిని అడిగిన కెప్టెన్‌తో తెగతెంపులు చేసుకున్న ఆటగాళ్లను నేను చూడలేదు. పక్కవాళ్ల దగ్గర గొణిగి, ఎదురుగా ఊరుకున్న కెప్టెన్లకు దూరమైనవారిని మాత్రం చూశాను.

ప్రశ్న: మా అబ్బాయి ఇంజినీరింగ్ రెండో సంవత్సరం, కళాశాల జట్టులో గోల్‌కీపర్. ఓడిపోయిన రాత్రి నుంచి జట్టు గ్రూపులో వాడి మీద ఎగతాళి బొమ్మలు పెడుతున్నారు. అన్నం సరిగా తినడం లేదు, ఆట మానేస్తానంటున్నాడు. మానేయమనడమా, వద్దనడమా? – పెదవాల్తేరు నుంచి ఒక తల్లి

జవాబు: అమ్మా, ఈ వారంలో ఏ నిర్ణయమూ తీసుకోవద్దని చెప్పండి. మానడమో మానకపోవడమో పోటీలు అయ్యాక, మనసు కుదుటపడ్డాక అతనే చెప్పాలి. ఆ గ్రూపు నుంచి కొన్నాళ్లు బయటకు రావడంలో తప్పేమీ లేదు.

ఎగతాళి విషయం మాత్రం మీరు కళాశాల పీడీ గారి దృష్టికి తప్పక తీసుకువెళ్లండి. ఆట గురించి తల్లిదండ్రులు మాట్లాడకూడదని కొందరంటారు, కానీ ఇది ఆట గురించి కాదు, ఒక పిల్లవాడిని పదిమంది చేరి ఏడిపించడం గురించి. దాన్ని ఆపే బాధ్యత కెప్టెన్‌దీ, పీడీదీ. అన్నం తినకపోవడం, నిద్రపట్టకపోవడం ఇంకా కొనసాగితే ఆటను పక్కనపెట్టి వైద్యుడికి చూపించండి.

గోల్‌కీపర్ ఒక్కడి మీద ఓటమిని వేయడం ఎంత దూరం పోతుందో ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఒక ఉదాహరణ ఉంది. 1950 జులై 16న రియో డి జనీరోలోని మరకానా స్టేడియంలో బ్రెజిల్ 1–2తో ఉరుగ్వే చేతిలో ఓడి ప్రపంచ కప్ పోగొట్టుకుంది. దేశం యావత్తూ గోల్‌కీపర్ బార్బోసాను తప్పుపట్టింది, 2000లో ఆయన మరణించే వరకు ఆ నింద తొలగలేదు. ఆ రోజు మైదానంలో ఉన్న మిగతా పదిమందిని అంతగా ఎవరూ అడగలేదు. మీ అబ్బాయికి ఈ సంగతి చెప్పండి, కెప్టెన్‌కు కూడా చెప్పమనండి.

ప్రశ్న: నేను జట్టులో జూనియర్‌ని, ఎక్కువగా బెంచి మీదే ఉంటాను. సీనియర్లు ఆరు గంటల ప్రాక్టీసుకు ఆరున్నర తర్వాత వస్తారు, ఎవరూ ఏమీ అనరు. నాలాంటివాడు చెబితే వింటారా? – గాజువాక

జవాబు: అందరి ముందూ చెబితే వినరు. మన దగ్గర సీనియర్‌ను "అన్నా" అని పిలుస్తాం, ఆ పిలుపులో చనువూ ఉంది, గౌరవమూ ఉంది. నలుగురిలో తప్పుపడితే ఆ గౌరవం దెబ్బతిన్నదని పట్టుదలకు పోతారు. విడిగా, ఆ చనువుతో అడిగితే అదే మనిషి మెత్తబడతాడు. "అన్నా, మీరు వచ్చేసరికి మా వార్మప్ అయిపోతోంది, కార్నర్ దగ్గర ఎక్కడ నిలబడాలో మీరు ముందే వచ్చి చూపిస్తే నేను నేర్చుకుంటాను" అని అడిగి చూడండి. అతని తప్పు ఎత్తకుండానే, అతని రాకతో మీకేమి అవసరమో చెప్పినట్టవుతుంది. అప్పటికీ మారకపోతే అది మీ పని కాదు, కెప్టెన్‌కు చెప్పి వదిలేయండి. మీరు మాత్రం ఆరుకే వెళ్లండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో ఒహాయో రాష్ట్రంలో చదువుకుంటున్నాడు. అక్కడి విశ్వవిద్యాలయ జట్టు ఒక ఘోరమైన ఓటమి తర్వాత ఆటగాళ్లంతా కూర్చొని మాట్లాడుకొని, చివరికి జాతీయ విజేతగా నిలిచిందని చెప్పాడు. నిజంగా మాటలతో జట్లు మారతాయా? – సీతమ్మధార

జవాబు: మీ అబ్బాయి చెప్పింది జరిగిన విషయమే. అయితే అక్కడ ఫుట్‌బాల్ అంటే మనం ఆడేది కాదు; కోలగా ఉండే బంతిని చేత పట్టుకొని పరుగెత్తుతూ, విసురుతూ ఆడే వేరే ఆట. 2024 నవంబరు 30న ఒహాయో స్టేట్ జట్టు, లక్ష మందికి పైగా పట్టే తన సొంత స్టేడియంలో, తమకంటే బలహీనమని అందరూ అనుకున్న మిషిగన్ చేతిలో 10–13తో ఓడింది. ఆ ప్రత్యర్థి చేతిలో అది వరుసగా నాలుగో ఓటమి. అభిమానులు కోచ్ ర్యాన్ డేను తొలగించాలన్నారు. ఆ తర్వాతి రోజుల్లో ఆటగాళ్లూ కోచ్‌లూ కూర్చొని దాపరికం లేకుండా మాట్లాడుకున్నారని అక్కడి పత్రికలు రాశాయి. అప్పటి నుంచి టెనసీ, ఆరెగన్, టెక్సస్ జట్లను వరుసగా ఓడించి, 2025 జనవరి 20న అట్లాంటాలో జరిగిన ఫైనల్‌లో నోటర్ డేమ్‌పై 34–23తో గెలిచింది. విశేషమేమిటంటే ఆ నోటర్ డేమ్ కూడా సెప్టెంబరులో సొంత మైదానంలో నార్దర్న్ ఇల్లినాయ్ వంటి చిన్న జట్టు చేతిలో 14–16తో ఓడి, అక్కడి నుంచి వరుసగా 13 మ్యాచ్‌లు గెలిచి ఫైనల్‌కు వచ్చింది.

కానీ మాటల వల్లే కప్పు వచ్చిందని నేను అనను. ఆ సంవత్సరమే ప్లేఆఫ్‌లో, అంటే జాతీయ విజేతను తేల్చే చివరి నాకౌట్ పోటీలలో, జట్ల సంఖ్యను 4 నుంచి 12కు పెంచారు. పాత పద్ధతే ఉంటే మిషిగన్ చేతిలో ఓడిన ఒహాయో స్టేట్‌కు అక్కడ చోటే దక్కేది కాదు, సమావేశం ఎంత బాగా జరిగినా సీజన్ అక్కడితో ముగిసేది. పైగా దేశంలోని మేటి ఆటగాళ్లు చాలామంది ఆ జట్టులోనే ఉన్నారు. కూర్చొని మాట్లాడుకోవడం వల్ల లేని నైపుణ్యం పుట్టుకురాదు, ఉన్న నైపుణ్యాన్ని అడ్డుకుంటున్న అనుమానాలు తొలగుతాయి. నైపుణ్యమే తక్కువైన జట్టు కూర్చుని మాట్లాడుకుంటే మంచి స్నేహితులవుతారు, అది కూడా మంచిదే, కానీ గెలుపు వేరు.

అక్కడి పరిస్థితులకూ మన పరిస్థితులకూ ఉన్న తేడా కూడా గుర్తుంచుకోవాలి. 2021 జులై నుంచి అక్కడి కళాశాల ఆటగాళ్లు తమ పేరు మీద ప్రకటనల ద్వారా సంపాదించుకోవచ్చు, 2025 జులై నుంచి విశ్వవిద్యాలయాలే వారికి నేరుగా డబ్బు చెల్లించవచ్చు. ఒక చోట నచ్చకపోతే మరో విశ్వవిద్యాలయానికి మారడమూ సులువైంది. అటువంటి చోట బాధ్యత అడగడానికి జీతం ఒక ఆధారం. మన విశాఖలో బస్సు చార్జీ సొంతంగా పెట్టుకొని, బూట్లు తానే కొనుక్కొని, యూనివర్సిటీ జట్టుకు ఎంపిక కావాలన్న ఆశతో వచ్చే పిల్లవాడిని అంత కఠినంగా అడిగే హక్కు ఎవరికైనా ఉందా అంటే, అతని పక్కన అదే కష్టం పడుతున్న తోటి ఆటగాడికి మాత్రమే ఉంది. అందుకే డబ్బు లేని చోట కెప్టెన్ పాత్ర ఇంకా పెద్దదవుతుందని నేను నమ్ముతాను.

ప్రశ్న: నేను ఒక ప్రైవేటు డిగ్రీ కళాశాలలో ఫిజికల్ డైరెక్టర్‌ని. మూడేళ్లుగా మా జట్టు మొదటి రౌండ్ దాటడం లేదు. పిల్లల్లో బాధ్యత లేదని యాజమాన్యం అంటోంది. ఓడిన మరునాడు బీచ్ ఇసుకలో పరుగెత్తించాను, మార్పు రాలేదు. కెప్టెన్‌ను పిల్లల ఓటుతో ఎన్నుకోవాలా, నేనే నియమించాలా? – మధురవాడ

జవాబు: ముందు మీ యాజమాన్యం మాట తీసుకుందాం. జట్టును ఎప్పుడు ఎంపిక చేశారు, పోటీలకు ముందు ఎన్ని వారాలు కలిసి ఆడారు, ఎన్ని స్నేహపూర్వక మ్యాచ్‌లు ఆడించారు అన్నవి మీ ఉత్తరంలో లేవు. మన కళాశాలల్లో సర్క్యులర్ వచ్చాక నోటీసు పెట్టి, పది రోజుల్లో పదహారు మందిని పోగుచేసి పంపడం మామూలైపోయింది. అలా పంపిన జట్టు ఓడితే పిల్లల్లో బాధ్యత లేదనడం అన్యాయం. కోడిగుడ్లు, పాలు, సరైన బంతులు, ప్రాక్టీసు ఉన్న రోజుల్లో హాజరు మినహాయింపు: వీటికి జవాబు చెప్పవలసింది యాజమాన్యం, వాటిని అడిగి తేవలసింది మీరు. మీ వంతు జవాబు మీరు పిల్లల ముందు చెప్పుకున్నాకే వారి వంతు అడగండి.

ఇసుక పరుగు కాళ్లకు బలమిస్తుంది, దానికి నేను వ్యతిరేకిని కాను. కానీ ఓడినందుకు శిక్షగా పెడితే పిల్లవాడు ఆ పరుగును ఓటమితో ముడిపెట్టుకుంటాడు. పైగా మ్యాచ్ ఆడిన మరునాడు అలసిన కండరాలను ఇసుకలో మరింత శ్రమపెట్టడం గాయాలకు దారి తీయవచ్చు. ఆ ఉదయం తేలికపాటి నడక, సాగదీసే వ్యాయామాలు చాలు. ఇసుకను సీజన్ మొదట్లో, అందరూ తాజాగా ఉన్నప్పుడు వాడండి, మీరు కూడా వాళ్లతో కలిసి పరుగెత్తగలిగితే ఇంకా మంచిది.

ఇక కెప్టెన్ ఎంపిక. చేతులెత్తి వేసే ఓటు పనికిరాదు. అది హాస్టల్ గదులను బట్టి, బ్రాంచిని బట్టి, దాచుకోవడం దేనికి, కులాన్ని బట్టి కూడా చీలుతుంది. కేవలం మీ నియామకమూ చాలదు, ఎందుకంటే పిల్లలు అతన్ని మీ మనిషిగా చూస్తారు, మీరు లేని చోట అతని మాట చెల్లదు. నా సూచన ఏమిటంటే ఒక్కొక్కరి చేతికి చీటీ ఇచ్చి, "మనం రెండు గోల్స్ వెనకబడి ఉన్నప్పుడు నువ్వు ఎవరి వైపు చూస్తావు?" అని ఒక్క ప్రశ్న అడగండి, తన పేరు తాను రాయకూడదని చెప్పండి. ఎక్కువగా వచ్చిన మూడు పేర్లలో నుంచి మీరు ఒకరిని ఎంచుకోండి. చాలాసార్లు అక్కడ వచ్చే పేరు ఎక్కువ గోల్స్ కొట్టేవాడిది కాదు, వెనక ఆడే ఏ డిఫెండర్‌దో మిడ్‌ఫీల్డర్‌దో అవుతుంది. అతను మాటకారి కాకపోయినా ఫరవాలేదు. మిగిలిన ఇద్దరిలో ఒకరు వేరే సంవత్సరం విద్యార్థి అయితే అతన్ని వైస్ కెప్టెన్‌గా పెట్టండి, జూనియర్ల గొంతు కూడా వినబడుతుంది.

ఎంచుకున్నాక అతనికి ఏయే విషయాల్లో నిర్ణయాధికారం ఇస్తున్నారో జట్టు ముందు చెప్పండి: వార్మప్ నడిపించడం, రిఫరీతో మాట్లాడటం, ఆలస్యంగా వచ్చినవారి పేర్లు మీకు ఇవ్వడం. ఆ పేర్లలో మీ అభిమాన స్ట్రైకర్ ఉన్న రోజున మీరు అతన్ని బెంచి మీద కూర్చోబెట్టకపోతే, మరుసటి వారం నుంచి కెప్టెన్ మీకు పేర్లు ఇవ్వడు. ఇదంతా పోటీలకు వారం ముందు చేసే పని కాదు. తరగతులు మొదలైన నెలలోనే, ఇంటర్నల్ పరీక్షల తేదీలు చూసుకొని, మొదటి ప్రాక్టీసు నాడే చీటీలు పంచండి.